బతికున్నవాడి వల

చిన్న తిరుపతి వెంకన్న మీద ఒట్టు, కొల్లేటి పెద్దింట్లమ్మ మీద ఒట్టు. ఇప్పుడు నేను రాయబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారని తెలుసు. మా ఊళ్లో నా మాటకున్న విలువ అలాంటిది. వానొస్తోందని నేను చెబితే మా ఆవిడ వడియాలు తీసుకెళ్లి డాబా మీద ఎండబెడుతుంది. అయినా ఈసారికి నమ్మండి. ఇందులో ఒక గూడబాతు వస్తుంది, అది నా టోపీ ఎత్తుకుపోతుంది. అక్కడికొచ్చాక చదవడం ఆపేయకండి. అదీ నిజమే.

ఈ మధ్య ఏలూరులో స్వాతంత్ర్య పోరాటం గురించి ఒక సభ పెట్టి నన్నూ వేదికెక్కించారు. మెడలో దండ వేశారు. నాకంటే ముందు మాట్లాడిన కుర్ర లెక్చరరుగారు ఆ పోరాటానికి వేళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చాలాసేపు వివరించారు. పన్నుల్లో ఉన్నాయన్నారు, చదువుల్లో ఉన్నాయన్నారు. నా వంతు రాగానే జనం ఆ పాత కథ చెప్పమన్నారు. వల కాల్చిన విధవరాలి కథ. ఒకప్పుడు ఈ జిల్లాలో ఆ కథ చెప్పి నేను ఏడిపించని ఊరు లేదు. కానీ ఆ వేళ చెప్పలేదు. దగ్గు తెర వచ్చినట్టు నటించి కూర్చున్నాను. ఆ దండ ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గోడకు వేలాడదీయడానికి చెయ్యి రాక గేదెకు వేశాను.

ఆ కథ అసలు సంగతి రాస్తున్నాను.

ఉప్పు వండినందుకు జనాన్ని జైళ్లలో పెడుతున్న వేసవి. ఏలూరు కాలవ గట్టున ఒక పెంకుటింట్లో మా శిబిరం ఉండేది. దొరల దేశం నుంచి దిగే సీమ గుడ్డల దుకాణాల ముందు నిలబడి, వచ్చినవాళ్లకు దండం పెట్టి వెనక్కి పంపడం మా పని. అప్పుడప్పుడు బజారు మధ్యలో సీమ గుడ్డలు పోగేసి మంట పెట్టేవాళ్లం. శిబిరం నడిపే పెద్దాయన కోర్టు మానేసి వచ్చిన ప్లీడరు. నాకప్పటికి పాతికేళ్లు దాటాయి. రాట్నం దగ్గర కూర్చుంటే నూలు కంటే చిక్కులు ఎక్కువ వచ్చేవి. లాఠీ చూస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఉన్నదల్లా నోరు. ఆ నోటికోసమే నన్ను ఉంచుకున్నారు.

రానురాను ఏలూరులో కాల్చడానికి గుడ్డలు కరువయ్యాయి. ఇచ్చేవాళ్లు ఇచ్చేశారు, ఇవ్వనివాళ్లు పెట్టెల అడుగున దాచుకున్నారు. పెద్దాయన దిగులు చూడలేక, కొల్లేటి లంకల నుంచి పడవ నిండా సీమ గుడ్డ తెస్తానని మాటిచ్చేశాను. కొల్లేటిలో నాకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు.

"పడవెడు తెస్తావుటోయ్?" అన్నారాయన.

"తేవడం ఏముందండీ, పడవ మునక్కుండా చూసుకోవడమే కష్టం" అన్నాను.

అలా బయల్దేరాను. రెండు తాటి మొద్దులు తొలిచి జోడుగా కట్టిన దోనె, దాని కొసన గెడ పట్టుకుని ఒక ముసలాయన, మధ్యలో గంజి పెట్టిన ఖద్దరు టోపీతో నేను. దారిలో ఒక గూడబాతు నీళ్ల మీద తేలుతోంది. దగ్గరికి వెళ్లినా కదల్లేదు. నా తెల్ల టోపీని ఏ చేప అనుకుందో ఏమో, మెడ చాచి, సంచిలాంటి ఆ నోరు తెరిచి, టోపీని తలమీంచి అందుకుంది. తర్వాత కళ్లు మూసుకుని కూర్చుంది. ముసలాయన నవ్వలేదు. గుడ్డ దానికి సయించదనీ, కాసేపటికి ఉమ్మేస్తుందనీ ధైర్యం చెప్పాడు. చాలాసేపు ఆగాం. అది ఉమ్మలేదు. అందుచేత స్వరాజ్యం కబురు ఆ లంకలోకి బోడితలతోనే అడుగుపెట్టింది.

ఆ లంక పేరు చెప్పను. మట్టిదిబ్బ మీద గడ్డి ఇళ్లు, చుట్టూ నీళ్లు, గట్టు పొడుగునా కర్రల మీద ఆరేసిన వలలు. మగవాళ్లకు గోచీలు, ఆడవాళ్లకు ముతక చీరలు. అన్నీ దగ్గరి ఊళ్ల సాలెవాళ్లు నేసినవే. సీమ గుడ్డ తేవడానికి వచ్చిన నేను ఆ జనాన్ని చూసి, నిండుగా కట్టుకున్న నా పంచె అంచు కాళ్ల కింద దాచుకున్నాను. అయినా వచ్చిన పని ఉంది కదా. అందర్నీ పోగుచేసి మాట్లాడాను. దొరలు మనల్ని ఎలా దోచుకుంటున్నారో చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. వాళ్ల మొహాల్లో చలనం కనబడక, ఇక నా సొంత సరుకు తీశాను. సీమ నూలుకు ఒక వాసన ఉంటుందని, అది మనకు తెలియదు గాని చేపకు తెలుస్తుందని, ఆ నూలుతో అల్లిన వల నీళ్లలో పడితే కొర్రమీనులు సముద్రం దాకా పారిపోతాయని చెప్పాను. కాకినాడ దగ్గర ఒక ఊరి చేపలన్నీ అలాగే వెళ్లిపోయాయని కూడా చెప్పాను.

జనం మర్యాదగా విన్నారు. తర్వాత ఇళ్లలోకి వెళ్లి వెతికారు. ఒకాయన లాంతరు చిమ్నీ తెచ్చాడు, అది కాలదని వెనక్కి పంపాను. ఒక ముసలమ్మ, వాళ్ల దిబ్బ మీద సీమచింత చెట్టొకటి ఉంది, దాన్నీ కొట్టెయ్యాలా అని అడిగింది. అది మనదే, ఉంచుకోమన్నాను. అప్పటికే చితుకులు పేర్చి మంట వెలిగించి ఉన్నాను. అందులో వెయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. చివరికి నా జేబురుమాలు తీసి వేశాను. అది సీమదే. శిబిరంలో ఎవరికీ తెలియకుండా వాడుకుంటున్నాను.

ఆ రుమాలు క్షణంలో మాడిపోయింది. అప్పుడు ఆలుమగలిద్దరు వచ్చారు. ఇద్దరూ నా ఈడువాళ్లే. అతని భుజం మీద వల ఉంది. తుమ్మబెరడు కషాయంలో ఉడికించడం వల్ల ఎర్రగా ఉంది గాని, లోపల నూలు సీమది. మిగతా అందరి వలలు జనుపనారవి. ఇతనొక్కడే ఏలూరు బజారులో సీమ నూలు కొని, కిందటి వేసవంతా కూర్చుని వెదురు సూదితో అల్లుకున్నాడు. సన్నగా, తేలిగ్గా ఉండేది. పట్టుకుంటే గుప్పెట్లో ఇమిడిపోయేటట్టుంది.

ఆ లంక ఆచారం నాకప్పుడు తెలియదు, మీకు ఇప్పుడే చెబుతాను. అక్కడ చేపలు పట్టేవాడు చనిపోతే అతని వల అతని మీదే కప్పి చితి మీద కాలుస్తారు. వల నిప్పులో పడేది అప్పుడొక్కసారే. పాతబడి చిరిగిపోయిన వలనైనా పొట్లపాదుకు పందిరిగా కడతారు గాని పొయ్యిలో పెట్టరు.

అందుకని అక్కడి కులపెద్ద అడ్డం వచ్చాడు. ఆవిడకు వరసకు పెదనాన్న అవుతాడు.

"బతికున్నోడి వల మంటలో ఎయ్యకూడదమ్మా."

"ఇది శవం మంట కాదు గదా పెదనాన్నా. దేశం మంట" అందావిడ.

ఆయన నా వైపు తిరిగి, అంతేనా అండీ అని అడిగాడు. దేన్ని గురించి అడుగుతున్నాడో అర్థం కాకుండానే అంతేనండీ అన్నాను. వెలిగించినాయనే చెబుతున్నాడు గనక సరే అని ఆయన తప్పుకున్నాడు. ఆవిడ వల అందుకుని మంటలో వేసింది. అతను చేతులు వెనక్కి పెట్టుకుని కొల్లేటివైపు తిరిగి నిలబడ్డాడు. అదంతా దేశభక్తి అనుకున్నాను. నా ఉపన్యాసం ఇంత బాగా పట్టిందా అని లోలోపల పొంగిపోయాను కూడా.

ఖాళీ దోనెతో వెనక్కి వచ్చాక పెద్దాయన ఏం తెచ్చావోయ్ అని అడిగారు. ఈ సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బజారు సభలో చెప్పమన్నారు. చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను, ఆ మాట మాత్రం నమ్మండి. జనం బాగుంది అన్నారు. అంతే. తల ఊపి ఇళ్లకు పోయారు. నాకది చాల్లేదు. కథలో ఎక్కడో పస తగ్గిందనిపించింది. తర్వాతి సభలో ఆవిడ భర్తకు జబ్బు చేసింది. కాస్త కదిలారు. ఆ పైన నిడదవోలులోనో తణుకులోనో, ఇప్పుడు గుర్తులేదు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా అతను చచ్చిపోయాడు. పోయిన భర్త గుర్తుగా మిగిలిన ఒక్క వలనూ పేద విధవరాలు దేశమాతకు అర్పించింది. నేను ఆలోచించి చెప్పింది కాదు, నోట్లోంచి అలా వచ్చింది. ఆ రోజు ఆడవాళ్లు వేదిక దాకా వచ్చి సీమ చీరలు పడేశారు. మున్సబుగారొకరు ఒంటిమీది కోటు విప్పేశారు. మంట తాటిచెట్టంత లేచింది. అంత మంట చూశాక అతన్ని మళ్లీ బతికించడం నావల్ల కాలేదు.

వర్షాలు వెళ్లి వరికోతలు అయ్యాక ఒక సభ పని మీద తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ రైలు పట్టాల పక్కన ఒక రైసుమిల్లు షావుకారు మావాళ్లకు భోజనాలు పెడతానన్నాడు. మిల్లు కళ్లంలో ఆడకూలీలు ఎండబోసిన ధాన్యంలో నడుస్తూ కాళ్లతో తిరగదోడుతున్నారు. అందులో ఒకావిడ ఆగింది.

"బాబుగారూ, మీ టోపీ దొరికిందాండీ?"

పోల్చుకోవడానికి క్షణం పట్టింది. దొరకలేదన్నాను. ఇక్కడున్నావేమిటమ్మా అన్నాను. అవతల బస్తాలు మోసేవాళ్లలో ఆవిడ భర్త ఉన్నాడు. రోజంతా మొలలోతు నీళ్లలో నిలబడగలిగే మనిషి ఊకదుమ్ముకు ఆగి ఆగి దగ్గుతున్నాడు. నన్ను చూశాడు. చూసి బస్తా ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ బయటికి రాలేదు.

ఆవిడ చెప్పింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఏలూరు చేపల బజారులో తట్ట దించుకుని కూర్చుంటే, కొర్రమీను బేరమాడుతున్న ఒక పెద్దింటావిడ, పాపం ఆ వల విధవరాలు మీ లంకలవైపుదేనట కదా అని కళ్లు తుడుచుకుందట. అది నేనేనండీ, మా ఆయన దోనెలో కూర్చుని ఉన్నాడండీ అని ఈవిడ చెప్పిందట. ఆవిడకు కోపం వచ్చిందట. అలాంటి మహాతల్లి మీద వేళాకోళాలా అని గసిరి, చేప కూడా కొనకుండా వెళ్లిపోయిందట.

ఇది చెప్పేటప్పుడు ఈవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

ఆ కథ చేపల తట్టలతో పాటే లంక చేరింది. వల కాలిన రోజున దేశం మంట అంటే ఊరుకున్న కులపెద్ద, ఇప్పుడు ఊరుకోలేకపోయాడు. ఆ ఊళ్లో వలలన్నీ ఒకదానికొకటి కట్టి, కొల్లేటికి అడ్డంగా దింపి, అందరూ కలిసి లాగుతారు. ఆ వరసలో చోటున్నవాడికే చేపల్లో వాటా. కొత్త వల అల్లుకునేదాకా ఇతనికి అరువు వల ఇచ్చి చోటు నిలబెడతామని మొదట అందరూ ఒప్పుకున్నారు. తమ్మిలేరు వరద వచ్చి కొల్లేరు నిండింది. అప్పటికి కథ వచ్చింది. బతికుండగా వల మంటలో పడింది, ఆ మంట వెలిగించినాయనే ఊరూరా ఇతను చచ్చాడని చెబుతున్నాడు. ఇక ఎవడు ధైర్యం చేసి ఆ మనిషి పక్కన తాడు పట్టుకుంటాడు? వాళ్లకు అతని మీద కోపం లేదు, భయం. పొద్దున్నే అతను ఎదురైతే ఆడవాళ్లు మొహాలు తిప్పుకునేవారు. ఈవిడ నుదుటి బొట్టు వైపు ఎవరూ చూసేవారు కారు. కొన్నాళ్లు చూసి, ఇద్దరూ గూడెం వచ్చేశారు.

ఏదో ఒకటి అనాలి కనక, నేను చెప్పిన చేపల మాట నమ్మి మీరు మోసపోయారమ్మా అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"దాన్నెవరు నమ్మారండీ? లంక మొత్తానికి ఎక్కువ చేపలు పడేది మా వలకే. మీరు కోతలు కోస్తున్నారని మాకప్పుడే తెలుసండీ. దొరలు దోచుకుంటన్నారన్న మాట మటుకు నిజమే గదా. మా లంకలో సీమది అదొక్కటే ఉంది. అంత దూరం వచ్చి మీరు జేబుగుడ్డ కాల్చుకుంటంటే మాకు సిగ్గేసింది."

నా అబద్ధం లేకపోయినా ఆ వల మంటలో పడేదే. నా అబద్ధం వల్ల జరిగింది ఒక్కటే, అతను చచ్చిపోవడం.

"మీరు ఒక్కసారి లంకకి రండి బాబుగారూ. ఈడు బతికే ఉన్నాడు, ఆ మాట కల్పించింది నేనే అని మా పెదనాన్నకి చెప్పండి. ఎలిగించినోరే వచ్చి చెబితే వరసలో చోటిస్తానన్నాడాయన. ఇంకేం అక్కర్లేదండీ. కబురొస్తే మేం వచ్చేత్తాం."

వస్తానన్నాను. మాఘం రాకముందే వెళ్తానన్నాను. ఆయ్ అని తల ఊపి, ఆవిడ మళ్లీ ధాన్యంలోకి నడిచింది. షావుకారు భోజనంలో అరిటాకు నిండా వడ్డించారు. వంకాయ కూర గురించి ఒక అబద్ధమాడి అందర్నీ నవ్వించి లేచాను.

ఆ తర్వాత నిద్రపట్టలేదని రాస్తే బాగుంటుంది గాని, బాగానే పట్టింది. పగళ్లే కష్టమయ్యాయి. లంకలో నిజం చెబితే అది మర్నాటికల్లా చేపల తట్టల్లో ఏలూరు చేరుతుంది. సీమ గుడ్డల దుకాణాలవాళ్లు, చూశారా ఈ వాలంటీర్లు ఎంత అబద్ధాలకోరులో అంటారు. చీరలు పడేసిన ఆడవాళ్ల మొహం ఎలా చూడను? పెద్దాయనకు ఏం చెప్పను? ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. దేశం పేరు అంతకుముందు చాలాసార్లు వాడుకున్నాను గాని, నా మొహం దాచుకోవడానికి వాడుకోవడం అదే మొదలు.

అయినా చివరికి వెళ్లాను. కొల్లేటి గట్టుకు చేరి దోనె ఎక్కాను. లంకలో కులపెద్ద వల బాగుచేసుకుంటూ కనిపించాడు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన సూది ఆపి అంతా విన్నాడు. తర్వాత, చచ్చినోణ్ణి బతికించడానికి ఇంత ఆలస్యమా అండీ అని నవ్వాడు. గూడెం కబురు వెళ్లింది. నేను అక్కడుండగానే ఆలుమగలు వచ్చారు. జనుపనార వల ఒకటి అతని చేతికిచ్చి వరసలో నిలబెట్టారు. అతను నీళ్లలోకి దిగి తాడు పట్టుకుని, నా వైపు చూసి తలాడించాడు. సరిగ్గా అప్పుడు ఆకాశంలో ఒక గూడబాతు వచ్చి, నా తల మీదుగా ఎగురుతూ నా టోపీ తెచ్చి

ఆగుతాను. దేవుళ్ల మీద ఒట్టు పెట్టి మొదలుపెట్టాను. టోపీ తిరిగిరాలేదు. అది పోయింది నిజం, రావడం కల్పన. టోపీ ఒక్కటే కాదు. కులపెద్ద నవ్వడం, కబురు వెళ్లడం, అతను తాడు పట్టుకోవడం, అన్నీ ఇప్పుడు కూర్చుని కల్పించినవే. నేను లంకకు వెళ్లలేదు.

కొల్లేటి గట్టు దాకా మాత్రం వెళ్లాను. అక్కడ దోనె దగ్గర కొత్తవాడొకడున్నాడు, నన్నెరగడు. ఇంకో మనిషి వస్తే గాని కదలనన్నాడు. పొద్దుపోవడానికి, మా కొల్లేటి కథ ఒకటి చెబుతాను వినండి బాబూ అని వల విధవరాలి కథ ఎత్తుకున్నాడు. నా కథే. వాడికి చెప్పడం రాదు. ముందు వల కాల్చేశాడు, తర్వాత మొగుణ్ణి చంపాడు. వింటూ ఊరుకోవాలని ఎంతో చూశాను.

"అలా కాదోయ్" అన్నాను. "ముందు మొగుడు పోవాలి."

అని మొదట్నుంచీ నేనే చెప్పాను. జబ్బు, చావు, ఒంటరి గుడిసె, మంట, అన్నీ వాటి వాటి చోట్ల పెట్టి చెప్పాను. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. వాడు తలగుడ్డ విప్పి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గెడ అందుకుని, ఎక్కండి బాబూ, ఏ లంకకండీ అని అడిగాడు. ఏలూరులో ఏదో మర్చిపోయానని చెప్పి వెనక్కి నడిచాను.

ఆవిడ కబురు కోసం ఎన్నాళ్లు చూసిందో నాకు తెలియదు. ఆ మిల్లు ఇప్పటికీ ఉంది. రైలు గూడెంలో ఆగినప్పుడు నేను అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను.